రాగి చుట్ల విద్య

వైండింగ్ షాపు ముందు ఆటో ఆగిందంటే ఎవరిదో బోరు మోటారు కాలిపోయినట్టే. కర్నూలు నుంచి ఎమ్మిగనూరు, ఆదోని వైపు పోయే బస్సులు ఆగే మా కోడుమూరులో ఎండలు ముదిరేకొద్దీ ఈ ఆటోలు పెరుగుతాయి. మూడు ఫేజుల్లో ఒకటి పోయిందనుకోండి, స్టార్టరు ఆపకపోతే మిగిలిన రెండింటి మీదే మోటారు గింజుకుంటుంది. ఓల్టేజీ పడిపోతే అవే నీళ్లు తోడడానికి మరింత కరెంటు లాగుతుంది. ఎటైనా జరిగేది ఒకటే. తీగ మీది పూత కరుగుతుంది, ఒక చుట్టు పక్క చుట్టుకు తగులుతుంది, మాడిన వాసన వస్తుంది.

నేను ఆమధ్య ఆ షాపుకు పోయింది మోటారు కోసం కాదు. నా చేతిలో పన్నెండు వేల రూపాయల ఫోను, దాని వీపుకు అంటించాల్సిన కాగితమంత పల్చని రేకు ఒకటి ఉన్నాయి. ఫోను కొన్న రెండేళ్లలో చార్జింగ్ జాకు రెండోసారి పోయింది. పిన్ను పెడితే పట్టదు, పట్టినా కాస్త కదిలితే ఆగిపోతుంది. రేకు ఫోన్‌లో వైర్‌లెస్ చార్జింగ్ లేని లోటు తీర్చేది. దాని చివర నాలుకలాంటి పట్టీ, పట్టీ చివర చిన్న పిన్ను. పిన్నును ఫోను జాకులో ఒక్కసారి దూర్చి వదిలేస్తే చాలు, రోజూ పీకి పెట్టే పని ఉండదు. రేకును వెనక్కి మడిచి పైన కవరు తొడిగి, ఫోనును చార్జింగ్ పలక మీద పడుకోబెట్టాలి.

దీన్ని సెల్ షాపులో కాకుండా వైండింగ్ షాపులో చూపించడానికి కారణం ఉంది. ఊళ్లో తీగచుట్ట గుట్టు తెలిసినవాళ్లు అక్కడే ఉంటారు. షాపు మామ కళ్లజోడు పైకి తోసుకుని రేకును వెలుతురుకు పట్టి చూశాడు. లోపల రాగి గీతలు దోసె పెనం మీద పిండి తిప్పినట్టు మధ్యలోంచి బయటికి వలయాలుగా పోయాయి.

"ఇది కూడా వైండింగే గదా అల్లుడా" అన్నాడు.

ఆ మాటను నేను ఇంకా వదల్లేకపోతున్నాను. వైర్‌లెస్ చార్జింగ్ అంటే ఖరీదైన ఫోన్లు వాడేవాళ్ల సౌకర్యమని, మనకెందుకులే అని అనుకుంటాం. కానీ బోరు మోటారు లోపల జరిగేది అదే. కరెంటు తీగలు వచ్చి కలిసేది కదలని స్టేటరు చుట్టలకు. లోపల తిరిగే రోటరుకు ఏ తీగా తగలదు. రెంటి మధ్యా అర మిల్లీమీటరు అటూఇటుగా సందు ఉంటుంది. స్టేటరులో కరెంటు దిక్కు మారినప్పుడల్లా దాని చుట్టూ అయస్కాంత శక్తి పెరిగి తగ్గుతూ తిరుగుతుంది. ఆ తిరుగుడు రోటరులోని రాగి కడ్డీల్లో కరెంటు పుట్టిస్తుంది. ముట్టుకోకుండా కరెంటు పుట్టించవచ్చని 1831లో మైకేల్ ఫారడే చూపించాడు. పొలం గట్టు మీది ట్రాన్స్‌ఫార్మరూ ఆ సూత్రం మీద పనిచేసేదే. అంటే మన రైతు ఏళ్ల తరబడి వైరు తగలని కరెంటుతోనే నీళ్లు తోడుకుంటున్నాడు. దాన్ని నిలబెట్టింది ఈ వైండింగ్ మామలే.

వాళ్ల పని తీరు చెప్పాలి. కాలిన చుట్టలను కోసి పీకేముందు లెక్క రాసుకోవాలి: స్టేటరుకు ఎన్ని స్లాట్లు, ఒక చుట్ట ఏ స్లాటులో దిగి ఏ స్లాటులో తేలింది, ఒక్కో చుట్టలో ఎన్ని చుట్లు, తీగ ఎంత గేజి. ఒక చుట్టను విప్పి తీగలను వేలితో ఒక్కొక్కటిగా పక్కకు తోస్తూ లెక్కపెడతారు. పీకిన పాత రాగిని తూకం వేస్తారు. కొత్త తీగ తూకం దానికి దగ్గరగా రాకపోతే ఎక్కడో లెక్క తప్పినట్టే. చుట్లు తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగి మళ్లీ కాలుతుంది, పెరిగితే బలం చాలక నీళ్లు పైకి రావు.

గట్టు మీద ఉండే మోటారైతే తీగను ఫార్మా అనే అచ్చు మీద చుట్టి, స్లాట్లలో ఇన్సులేషన్ పేపరు పరిచి, చుట్టలు దించి, జారకుండా వెదురు పుల్లలు కొట్టి, దారంతో కట్టి, వార్నిష్ పోసి ఆరబెడతారు. బోరులో దిగే నీళ్ల మోటారుకు ఇంకా ఓపిక కావాలి. దాని తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. చుట్టి పెట్టిన చుట్టను స్లాటులో దించే వీలుండదు, తీగను ఈ చివర దూర్చి ఆ చివర లాగాలి, మళ్లీ అటునుంచి ఇటు దూర్చాలి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో స్టేటరు పెట్టుకుని, ఒక్కో చుట్టునూ చేత్తో నడిపిస్తారు. తొడుగు ఎక్కడ గీసుకుపోయినా నీళ్లలో దిగిన రోజే షార్టు. అందుకే అంతా అయ్యాక నీళ్లలో ముంచి, మెగ్గరుతో ఇన్సులేషన్ పరీక్షించిగానీ మోటారు చేతికివ్వరు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు మాకు పక్కనే. మగ్గమున్న ఇళ్లలో కండెలు చుట్టే ఆడవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఈ పని కొత్తగా అనిపించదు. దారమైనా రాగైనా, వదులూ బిగువూ చూసే వేళ్లే దీనికి పెట్టుబడి.

ఇక ఫోను సంగతి. మోటారు చుట్టలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దానికి అంతంత రాగి, మధ్యలో ఇనుము కావాలి. ఫోనులో అంత చోటెక్కడిది? అందుకని పలకలోని కరెంటును సెకనుకు లక్ష సార్లకు పైగా ఊగిస్తారు. ఊపు పెరిగితే చిన్న చుట్టతోనే పనవుతుంది. కానీ అంత వేగంలో కరెంటు తీగ నడుమ పారదు, పైపొరను పట్టుకుని పోతుంది. లక్ష సార్ల వేగంలో రాగిలో ఆ పొర లోతు సుమారు 0.2 మిల్లీమీటర్లు. లావు తీగ వేస్తే నడిమి రాగి దండగ. అందుకే పలకలో వెంట్రుకల్లాంటి సన్నని తీగలను, దేనికి దానికి పూత వేసి, పేనిన తీగ వాడతారు. లిట్జ్ తీగ అంటారు. మన జడ అల్లికలాంటిదే.

ఫోను వైపు చుట్ట వెనక ఫెరైట్ అనే నల్లని పల్చటి పొర ఉంటుంది. అది లేకపోతే అయస్కాంత శక్తి వెనకున్న బ్యాటరీ లోహంలోకి పోయి దాన్ని వేడెక్కిస్తుంది. మోటారు స్టేటరును ఒకే ముద్ద ఇనుముతో పోత పోయకుండా పల్చటి రేకులు పేర్చి చేసేది కూడా ఆ వేడి భయంతోనే. ఈ మాట చెప్పినప్పుడు మామ తల ఊపాడు. కాలిన స్టేటరు రేకులు ఒకదానికొకటి అతుక్కుపోతే, ఎంత మంచి తీగ చుట్టినా మోటారు వేడెక్కుతుందని ఆయనకు అనుభవం.

ఒక్క విషయంలో మాత్రం ఫోను మోటారును మించింది. పలక గుడ్డిగా కరెంటు వదలదు. మొదట చిన్నగా తట్టి, పైన ఎవరైనా ఉన్నారా అని చూస్తుంది. ఫోను ఉంటే అది తన చుట్ట మీది భారాన్ని లయగా మార్చుతూ జవాబిస్తుంది: ఇంత కావాలి, ఇంక తగ్గించు, నిండింది ఆపు. ఆ సంభాషణ కూడా అవే రెండు చుట్టల మధ్య నడుస్తుంది. జవాబు రాకపోతే పలక ఆగిపోతుంది. తాను పంపినదానికీ ఫోను అందిందని చెప్పినదానికీ తేడా పెరిగితే మధ్యలో ఏదో లోహముందని అనుమానించి నిలిపేస్తుంది.

ఈ లోహం సంగతి మన వైపు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇక్కడ ఫోను కవరు ఒక చిన్న పెట్టె. మడిచిన వంద నోటు, ఏటీఎం కార్డు, మంత్రాలయం రాఘవేంద్రస్వామి పటం, ఉరుకుంద ఈరన్న దగ్గర తెచ్చుకున్న రాగి రేకు, అన్నీ అందులోనే. కాగితం పటంతో ఇబ్బంది లేదు. రాగి రేకుంటే చార్జింగ్ ఎక్కదు, లేదా రేకు కాలుతుంది. నాసిరకం పలకలు ఈ అనుమానం సరిగ్గా పడవు కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి. దేవుడి రేకును రాత్రి పూట తీసి తలగడ దగ్గర పెట్టుకోమని మా అమ్మకు చెప్పాను. కారులో ఫోను నిలబెట్టడానికి అంటించే ఇనుప బిళ్ల కూడా తీసేయాల్సిందే.

ఈ చుట్టల భాషకు అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఒకటుంది. 2008లో ఏర్పడిన వైర్‌లెస్ పవర్ కన్సార్షియం 2010లో దాన్ని తెచ్చింది. పేరు 'చీ', ప్రాణశక్తి అనే అర్థమున్న చైనా మాట. మొదట 5 వాట్లతో మొదలైంది. 2023లో వచ్చిన 'చీ 2'లో చుట్ట చుట్టూ అయస్కాంతాల వలయం పెట్టి, ఫోను తనంతట తానే సరైన చోట అతుక్కునేలా చేశారు. అది అలంకారం కాదు. రెండు చుట్టల నడుములు కలవకపోతే చాలా శక్తి దారిలోనే పోతుంది. నా రేకును కవరులో బొటనవేలంత పక్కకు జరిపేసరికి చార్జింగ్ గుర్తు ఆరిపోయింది. బుష్షు అరిగి రోటరు పక్కకు ఒరిగిన మోటారు ఎలా మూలుగుతుందో మామకు చెప్పనక్కర్లేదు.

లోపలే ఈ చుట్ట పెట్టుకుని వచ్చిన ఫోన్లు చూడండి: 2012లో నోకియా లూమియా 920, 2015లో శాంసంగ్ గెలాక్సీ ఎస్6, 2017లో ఐఫోన్ 8. చాలాకాలం ఇది పై మెట్టు ఫోన్లలోనే ఉండిపోయింది. నథింగ్ ఫోన్ 1 2022లో రూ.32,999కి 15 వాట్ల వైర్‌లెస్ ఇచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఇన్ఫినిక్స్ నోట్ 40 ప్రో 5జీ రూ.21,999కే 20 వాట్లు ఇచ్చింది, అదే ఏడు సెప్టెంబరులో మోటోరోలా ఎడ్జ్ 50 నియో రూ.23,999కి 15 వాట్లతో వచ్చింది. అలా దిగుతూ వచ్చింది కదా అనుకుంటే, నథింగ్ వాళ్లే 2024లో ధర తగ్గించిన 2ఎ ఫోనులో దాన్ని తీసేశారు. పది, పన్నెండు వేల ఫోన్లలో నేను చూసినంతలో లేదు. చుట్ట, ఫెరైట్, దాని చిప్పు కలిస్తే ధర పెరుగుతుంది, మందం పెరుగుతుంది. సెల్ షాపులో కూర్చున్నవాడు 33 వాట్లు, 67 వాట్లు అని వైరు వేగాన్ని చూపించి అమ్ముతాడు. కొనేవాళ్లం మనమూ ఆ అంకెలే అడుగుతాం.

నాకిది తిరగబడ్డ లెక్కలా కనిపిస్తుంది. ఏడాదికో ఫోను మార్చేవాడికి జాకు పోయేలోపే ఫోను పోతుంది. ఒకే ఫోనును నాలుగేళ్లు వాడేవాళ్ల దగ్గరే జాకు ముందు చస్తుంది. టైప్-సి జాకు పదివేల సార్లు పెట్టి తీసినా తట్టుకోవాలని ప్రమాణం. రోజుకు రెండుసార్లు పెట్టినా పదమూడేళ్లు రావాలి. కానీ ఆ లెక్కలో పత్తి లేదు. మా నల్లరేగడి దుమ్ము లేదు. ఆదోని మార్కెట్ యార్డులో బోరాలు మోసే హమాలీ జేబులో, జిన్నింగ్ మిల్లులో పనిచేసే ఆడమనిషి కొంగు ముడిలో ఉన్న ఫోను జాకులోకి పత్తి నూగు చేరుతుంది. పిన్ను పెట్టిన ప్రతిసారీ అది దిమ్మిసతో కొట్టినట్టు లోపలికి దిగబడుతుంది. ఒక రోజు పిన్ను చివరిదాకా దిగదు. సెల్ షాపతను సూదితో గుల్ల చేసి తీస్తే పత్తి వత్తిలా బయటికొస్తుంది. నా ఫోనులోంచి వచ్చింది వేలి గోరు మీద పెట్టుకుని చూశాను. బూడిదరంగు, గింజంత, గట్టిగా.

సుగ్గికి వలస పోయేవాళ్ల మాట కూడా చెప్పాలి. ఏటా కోసిగి, మంత్రాలయం, ఆదోని, కోడుమూరు పల్లెల నుంచి మిరపకాయ కోతకని గుంటూరు వైపు సంసారాలే లేచిపోతాయి. ముసలివాళ్ల దగ్గర వదిలిన పిల్లల ముఖం చూసేది రాత్రి వీడియో కాల్‌లోనే. గుడిసెల దగ్గర ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పది ఫోన్లు. ఆ ఫోను జాకు పోతే ఆ నెల పిల్లల ముఖం ఉండదు. జాకు పోయినా ఫోను బతకడానికి రెండో దారి ఉండాలి. వైర్‌లెస్‌కు నేనిచ్చే విలువ అదే, వేగం కాదు.

దీని లోపాలూ దాచను. పలక మీద ఉన్నంతసేపూ ఫోను కదలకూడదు, మాట్లాడుతూ చార్జింగ్ పెట్టుకోవడం కుదరదు. వైరుకన్నా నెమ్మది. నా రేకు ఇచ్చేది మహా అయితే 5 వాట్లు, 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి సుమారు 19 వాట్ అవర్లు కావాలి. రాత్రి పెడితే తెల్లారికి నిండుతుంది. కరెంటు కొంత వేడిగా పోతుంది. రోజుకు ఏడు వాట్ అవర్లు అదనంగా పోయినా నెలకు పావు యూనిట్ దాటదు కాబట్టి బిల్లు భయం అక్కర్లేదు. భయపడాల్సింది వేడికే. మన వేసవిలో రేకుల ఇంట్లో మధ్యాహ్నం పెడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, రాత్రి పూట చల్లని బండ మీద పెట్టాలి. ఫోను వీపు ప్లాస్టిక్‌దో గాజుదో అయితేనే రేకు పనిచేస్తుంది, లోహమైతే దండగ. పాత 5 వాట్ల అడాప్టరుతో చాలా పలకలు లేవవు. జాకు పూర్తిగా చచ్చాక రేకూ పనికిరాదు, దాని పిన్ను దూరేది ఆ జాకులోకే. నేను జాకు మార్పించాకే రేకు పెట్టాను. కంపెనీ వాళ్లే లోపల చుట్ట పెట్టి ఇస్తే ఈ తిప్పలేవీ ఉండవు.

రెండు నెలలకు ఆ రేకు మడత దగ్గర విరిగింది. పారేయబోతూ మామ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన బ్లేడుతో పైపొర జాగ్రత్తగా లేపి, గోటితో రాగి గీతలను లోపలి నుంచి బయటికి ఒక్కొక్కటే తాకుతూ పోయాడు. మధ్యలో ఒకసారి ఆగి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. తర్వాత గూట్లోంచి నూనె మరకలు పడ్డ లాంగ్ నోటుబుక్కు తీశాడు. అందులో ముప్పై ఏళ్లుగా చుట్టిన మోటార్ల లెక్కలున్నాయి: ఎన్ని హెచ్‌పీ, ఎన్ని స్లాట్లు, ఎన్ని చుట్లు, ఎంత గేజి. నిన్నటి 5 హెచ్‌పీ మోటారు కింద ఒక గీత గీసి, "సెల్లు" అని రాసి, పక్కన చుట్ల సంఖ్య వేశాడు. గేజి గడి దగ్గర పెన్ను ఆగింది.

"తీగ ఎంత సన్నంగుందో కొలవాల అల్లుడా. ఆ మైక్రోమీటరు ఇట్టియ్యి" అన్నాడు.