ఈ ఎడారిలో ఏం తాగుతారు?

ఫాంటసీ నవల మొదటి పేజీలో ఒక మ్యాప్ ఉంటుంది. దాంట్లో ఓ మూల కాసిని చుక్కలు పెట్టి, పక్కన భయపెట్టే పేరు రాసేస్తారు. అదీ ఎడారి. వెళ్లినవాళ్లు తిరిగిరారు, ఇసుక కింద శిథిలాలుంటాయి, ముసుగులేసుకున్న తెగ ఒకటి తిరుగుతుంటుంది. మిస్టరీ రెడీ! ఇలాంటి ఎడారి కనిపించినప్పుడల్లా నాకొచ్చే ప్రశ్న ఒకటే: ఇక్కడి జనం ఏం తాగుతారు?

ఫ్రాంక్ హెర్బర్ట్ ‘డ్యూన్’ (1965) దగ్గర ఈ ప్రశ్నకి జవాబుంది. అరాకిస్ గ్రహం మీద ఒంటి చెమటని కూడా వడకట్టి తాగించే సూట్లు తొడుక్కుంటారు. ఎదుటివాడి ముందు ఉమ్మితే అక్కడ అవమానం కాదు, మర్యాద. తన ఒంట్లో తడి ఇచ్చినట్టు లెక్క. చనిపోయినవాడి నీళ్లు తెగకి చెందుతాయి. మర్యాదలు, చావు కర్మలు, రాజకీయం అన్నీ ఆ కొరతలోంచే పుట్టాయి. అరవయ్యేళ్ల తర్వాత కూడా ఆ గ్రహాన్ని నమ్మబుద్ధేస్తోందంటే కారణం ఇదే.

మరి మన సంగతి? తెలుగు తెర మీద కల్పిత ప్రపంచం అనగానే గుర్తొచ్చే ‘బాహుబలి’ షూటింగ్ 2013 జూలై 6న కర్నూలు దగ్గరి ఓర్వకల్లు రాళ్ల మధ్య మొదలైంది. సినిమాకి ఆ రాళ్ల ఆకారం కావాల్సి వచ్చింది. వాటి మధ్య బతికే పద్ధతితో పని పడలేదు. దాన్నైనా ఒప్పుకోవచ్చు, మాహిష్మతి కల్పితమని అందరికీ తెలుసు కాబట్టి. ‘సమరసింహారెడ్డి’ (1999) తర్వాత వరస కట్టిన ఫ్యాక్షన్ సినిమాల్లోని సీమ కూడా కల్పితమే, కానీ దానికి అసలు పేరే పెట్టారు. ఎర్రమట్టి, సుమోలు, వేటకొడవళ్లు. అక్కడ నీళ్ల బిందె మోసే మనిషి కథలోకి రావడం అరుదు.

నిజానికి సీమ ఎడారి కాదు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడితే ఎడారి అంటారు. కర్నూలు, కడపల్లో అంతకి రెట్టింపు కన్నా ఎక్కువే పడుతుంది. ఎంత పడిందన్నదే కాదు, ఎప్పుడు పడిందన్నదీ ముఖ్యం. అదనుకి పదునైతేనే విత్తనం.

ఆ వాన రాని ఏడు ఏమవుతుందో చెప్పిన నవల సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ (2019లో తానా బహుమతి). ఊళ్లో నీళ్లూ మేతా అయిపోతే గొర్రెల మందల్ని నల్లమలకి తోలుకుపోవడమే కొండపొలం. ఇంజనీరింగ్ చదివీ ఉద్యోగం దొరకని కుర్రాడు తండ్రితో అడవికి వెళ్తాడు. ఫాంటసీ చదివేవాళ్లకి ఈ నడక బాగా పరిచయం: తెలియని నేల, ఏమీ తెలియని హీరో, దారి నేర్పే పెద్దలు, పొదల వెనక మృగం. అక్కడక్కడా నవల పాఠం చెప్పే గొంతులోకి జారిపోతుంది. అయినా నీళ్లెక్కడ, మేతెక్కడ, పులెక్కడ అనే మూడు లెక్కలతో గడిచే ఆ రోజులు, మాయలూ మంత్రాలూ లేకుండానే, ఒక పూర్తి ప్రపంచాన్ని కడతాయి.

లెక్కలన్నీ చెప్పేస్తే ఇంక మిస్టరీ ఏం మిగులుతుందని అడగొచ్చు. బెలుం గుహలు చూడండి. పైన చదునైన పొలాలు, బావుల్లాంటి గుంతలు. కింద 3,229 మీటర్ల పొడవున సొరంగాలు. ఆ సున్నపురాయిని తొలిచింది నీళ్లే. గొంతెండిపోయే నేల కింద నీళ్లు చేసిన పని అదని తెలిశాక ఆశ్చర్యం పెరుగుతుందే తప్ప తగ్గదు.

తెలుగులో ఫాంటసీ రాద్దామనుకునే మిత్రులకి ఒక్క మాట. మ్యాప్‌లో ఎడారి గీసే ముందు బావి ఎక్కడుందో గుర్తుపెట్టండి. దాని గట్టు ఎవరు ఎక్కొచ్చు, ఎవరు ఎక్కకూడదు, ఎవరు రాత్రిపూట దొంగతనంగా వచ్చి తోడుకుంటారు అన్నది తేల్చుకోండి. ముసుగు తెగ సంగతి తర్వాత చూసుకోవచ్చు.