కుందేలుకు పదహారేళ్లు

1945. బాంబులు పడుతున్న రోజులు. తుపాకుల మోత వినగానే ఓ తండ్రి కలం పక్కన పెట్టి, ఐదేళ్ల కూతుర్ని ఎత్తుకుని గోతిలోకి దిగుతాడు. మోత సద్దుమణిగిందో లేదో, పైకి పోదామని పిల్ల మారాం. ఊరుకోబెట్టడానికి బొమ్మల పుస్తకం తెరిచి పాత కథలు చదువుతాడు. పెదాలు ఆ కథ చదువుతుంటే లోపల వేరే కథ అల్లుకుంటూ ఉంటుంది. జపాన్ రచయిత దజాయి ఒసాము పుస్తకం 'ఒతోగిజోషి' ఇలా మొదలవుతుంది. యుద్ధం ముగిసిన రెండు నెలలకు, అక్టోబరులో అచ్చయింది.

అందులో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది 'కచికచి యామా'. తనుకి అనే అడవి జంతువు ఒక ముసలమ్మను చంపి, ఆ మాంసంతో పులుసు కాచి మొగుడి చేతే తినిపిస్తుంది. ముసలాయన తరఫున కుందేలు పగ తీర్చుకుంటుంది. తనుకి మోస్తున్న పుల్లల మోపుకు వెనకనుంచి నిప్పు పెడుతుంది. 'కచి కచి' అన్నది చెకుముకి రాళ్ల చప్పుడు. కాలిన వీపుకు మందని కారం పూస్తుంది. చివరికి మట్టి పడవ ఎక్కించి ముంచేస్తుంది. పిల్లల పుస్తకంలో ముసలమ్మ చావును తీసేసి గాయంతో సరిపెట్టారు. నేరం చిన్నదయింది, శిక్ష మాత్రం తగ్గలేదు. గోతిలో కూర్చున్న చిన్నది 'పాపం తనుకి' అంటుంది.

దజాయి అక్కడే ఆగిపోయాడు. పౌరుషమున్న సమురాయి అయితే ఎదురుపడి ఒక్క వేటుతో తేల్చేస్తాడు. ఇలా నవ్వుతూ, అంచెలంచెలుగా చంపేది ఎవరు? పదహారేళ్ల అందగత్తె అన్నాడాయన. తనుకి ఆమె మీద మనసు పడ్డ ముప్ఫై ఏడేళ్ల తిండిపోతు. ఫూజీ కొండ దగ్గరి కవాగుచి సరస్సులో పడవ మునుగుతుంటే, ప్రేమించడం తప్పా అని అడుగుతూ పోతాడు. ఆ పిల్ల నుదుటి చెమట తుడుచుకుంటుంది. నిప్పు, కారం, మట్టి పడవ అన్నీ ఉన్నవే. జానపద కథ జరిగింది చెబుతుంది, కారణం చెప్పదు. ఆ ఖాళీలో ఒకే ఒక్క కారణం పెడితే కథంతా మన వీధిలోకి వచ్చేసింది. సెల్‌ఫోన్లూ రైళ్లూ చేర్చి పాత కథకు కొత్త బట్టలు తొడిగేవాళ్లు ఈ పని చూసి నేర్చుకోవాలి.

మొమొతారో కథను మాత్రం దజాయి రాయలేదు. రాక్షసుల దీవిని జయించిన ఆ బాలవీరుణ్ణి 1924లోనే మరో రచయిత అకుతాగవా ర్యూనొసుకే, ప్రశాంతంగా బతికేవాళ్ల మీద పడ్డ దురాక్రమణదారుగా తిరగరాశాడు. 1945 ఏప్రిల్‌లో జపాన్ నౌకాదళం పూనికతో ఆ మొమొతారోయే పూర్తినిడివి యానిమేషన్ చిత్రానికి నాయకుడయ్యాడు.

ఇక అదే పుస్తకంలోని ఉరషిమా. తాబేలు వెంట సముద్రగర్భంలోని కోటకు వెళ్లి తిరిగొచ్చేసరికి మూడువందల ఏళ్లు గడిచిపోయాయి. బ్రహ్మలోకం నుంచి కూతురు రేవతితో దిగివచ్చిన కకుద్మి మనకు తెలుసు, అతనికీ తనవాళ్లెవరూ మిగల్లేదు. కకుద్మికి అల్లుడుగా బలరాముడు దొరికాడు. ఉరషిమాకు మిగిలింది ఆ కోట రాకుమారి ఇచ్చిన పెట్టె ఒక్కటే. తెరవగానే పొగ, ముసలితనం. ప్రేమగా ఇచ్చిన కానుకలో ఇంత క్రూరత్వమా అని చదివినవాళ్లంతా నొచ్చుకుంటారు. దజాయికి అందులో దయ కనిపించింది. గడిచిన ఏళ్లు మీదపడితే మరపు వస్తుంది, మరపు వస్తే దుఃఖం వదులుతుంది.

టోక్యో విడిచి ఆయన తలదాచుకున్న కోఫులోని అత్తవారిల్లు 1945 జూలైలో బాంబుదాడికి కాలిపోయింది. ఇల్లూ వాకిలీ లేని ఉరషిమాకు ఆయన మరో పదేళ్లు రాసిచ్చాడు, సుఖంగా ఉన్న ముసలివాడిగా.