రుజువు లేకపోవడమే రుజువా?

గూఢచారి సినిమాలంటే మాకూ సరదాయే. 1966లో 'గూఢచారి 116' చూసి ఈలలేసిన జనంలో మావాళ్లూ ఉన్నారు. కానీ యుద్ధకాలంలో జనానికి ధైర్యం నూరిపోయడానికి తీసిన గూఢచారి సినిమా చూస్తుంటే మాత్రం మేం కుర్చీలో కుదురుగా కూర్చోలేం. ఎందుకో చెప్పడానికి పాత అమెరికన్ సినిమా ఒకటి చాలు.

'లిటిల్ టోక్యో, యు.ఎస్.ఎ.'ని ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ 1942లో తీసింది. లాస్ ఏంజిలిస్‌లోని జపనీయుల పేటలో గూఢచారుల ముఠాను ఒక పోలీసు డిటెక్టివ్ బయటపెట్టడమే కథ. ముఠాలో ముఖ్యుడైన తకిమురా వేషం వేసింది హెరాల్డ్ హ్యూబర్ అనే తెల్ల నటుడు. జపనీయుడి ద్రోహం చూపించడానికి జపనీయుడితో పనిలేదన్నమాట. మేకప్ చాలు!

మరి అసలు జపనీయులు ఏమయ్యారు? ఆ ఏడాది ఫిబ్రవరి 19న రూజ్వెల్ట్ సంతకం చేసిన 9066వ ఉత్తర్వుతో, పడమటి తీరం నుంచి సుమారు 1,20,000 మందిని ముళ్లకంచెల శిబిరాలకు తోలారు. అందులో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. ఆ తరలింపు దృశ్యాలనే సినిమా వాడుకుంది. మొదట డిటెక్టివ్ మాట నమ్మని రేడియో అమ్మాయి, చివరికి ద్రోహులతోపాటు నమ్మకస్తులకూ ఇబ్బంది తప్పదని మైకులో సర్దిచెబుతుంది. యుద్ధ ప్రచారాన్ని చూసుకునే ప్రభుత్వ కార్యాలయమే ఈ సినిమాని తప్పుపట్టింది. అయినా సినిమా ఆడింది.

ఇప్పటిదాకా విద్రోహం జరగలేదు కాబట్టి రేపు తప్పక జరుగుతుందని తరలింపు కోరిన జనరల్ డెవిట్ వాదించాడు. ఈ సినిమాలు నడిచేదీ ఆ తర్కంమీదే. పొరుగువాడు నవ్వితే నటన. మౌనంగా ఉంటే కుట్ర. ఏమీ చెయ్యకపోతే అదను కోసం కాచుకున్నట్టు. ఇక వఫాదారీ రుజువు చేసుకునే దారేది?

పడమటి తీరంలో జపాన్ సంతతివాళ్లు చేసిన గూఢచర్యం గానీ విద్రోహం గానీ ఒక్కటీ నమోదు కాలేదని 1983లో ప్రభుత్వ కమిషనే తేల్చింది. 1988లో క్షమాపణ చెప్పారు, బతికున్నవాళ్లకు తలా 20,000 డాలర్లు ఇవ్వాలని నిర్ణయించారు. అప్పటికి 46 ఏళ్లు గడిచాయి.

హాల్లో కూర్చున్నవాళ్లకు ధైర్యం పంచడానికి పేటలో ఉన్నవాళ్లకు భయం పంచారు. అద్దె ఇంటికోసం వెళ్లి పేరు చెప్పగానే ఎదుటివాళ్ల ముఖం మారడం చూసినవాళ్లం మేము. సినిమా ఎంత బాగుందన్నది తర్వాత మాట. అది ఎవరి ముఖాన్ని రుజువుగా చూపిస్తోందని ముందు అడుగుతాం.