చిట్కాల యాత్రికుడు

తెలుగు యాత్రా రచనలో ఇటీవల ఒక కొత్త పాయ బయలుదేరింది. ఊరు చూసి వచ్చినవాడు ఆ ఊరి గురించి రాయడం తగ్గి, అక్కడికి ఎంత తక్కువలో ఎగిరి వెళ్లాడో రాయడం పెరిగింది. టికెట్ ఏ వారం కొనాలి, 7 కిలోల సంచిలో 9 కిలోలు ఎట్లా పట్టించాలి, కోటు జేబుల్లో ఏమేం కుక్కాలి, ఇదీ వస్తువు. దీన్ని చిట్కా సాహిత్యం అందాం. వంటలోనూ వైద్యంలోనూ చిట్కాలున్నట్టే ప్రయాణంలోనూ ఉంటాయి, ఉండాలి కూడా. అయితే ఒక రకం రచన ఇంత విరివిగా వస్తున్నప్పుడు అది ఎవరిని ఉద్దేశించి వస్తోంది, ఏది చెప్పి ఏది దాస్తోంది అని అడగడం విమర్శ పని.

మన మిత్రులు కొందరు ఇదంతా మధ్యతరగతి గోల అని కొట్టిపారేస్తారు. విమానమెక్కేవాడి కష్టాలు కూడా కష్టాలేనా అని వాళ్ల ప్రశ్న. ఈ వాదనతో నేను ఏకీభవించను. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో రైలు రిజర్వేషన్ బోగీ మొహం చూడకముందే దుబాయి విమానం ఎక్కినవాళ్లు ఉన్నారు. వాళ్లది కూడా ఒంటరి ప్రయాణమే. వెంట ఏ టూరు కంపెనీ గైడూ ఉండడు. కానీ ‘స్వతంత్ర యాత్రికుడు’ అన్న మాట వాళ్లకు ఎవరూ వాడరు. మన చర్చ అక్కడ మొదలు కావాలి.

ముందు ధర సంగతి. విమానంలో ఒకే వరుసలో కూర్చున్న ముగ్గురు మూడు ధరలు చెల్లించి ఉండవచ్చు. సీట్లు ఒకటే. కంప్యూటరు వాటిని అక్షరాల పేర్లతో గుంపులుగా విడగొడుతుంది. చవక గుంపు అయిపోగానే పై గుంపు తెరుచుకుంటుంది. ఇది ప్రకృతి ధర్మం కాదు, దీనికి చరిత్ర ఉంది. 1978లో అమెరికా విమాన ఛార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తివేసింది. పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చవక కంపెనీని దెబ్బతీయడానికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1985లో ఈ పద్ధతిని పెద్దఎత్తున ప్రయోగించింది. ముందుగా కొనేవాడికి చవక, తప్పనిసరై చివరి నిమిషంలో వచ్చేవాడికి ప్రియం. 1987కల్లా పీపుల్ ఎక్స్‌ప్రెస్ కనుమరుగైంది. మన దేశంలో 1953లో జాతీయం చేసిన విమానయానాన్ని, ఆ చట్టాన్ని 1994లో రద్దు చేసి ప్రైవేటుకు పూర్తిగా తెరిచారు. పద్ధతి కూడా వెంట వచ్చింది.

చివరి నిమిషంలో వచ్చేవాడు ఎవరు? కంపెనీ లెక్కలో అతను వ్యాపారి, అతని టికెట్ డబ్బు ఇంకెవరో కడతారు. మన ఊళ్ల లెక్కలో అతను మస్కట్‌లో తండ్రి చావు కబురు విన్న తాపీమేస్త్రీ. ఇద్దరికీ ధర ఒకటే. మంగళవారం కొంటే చవక అని చిట్కా రచయితలు ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాస్తుంటారు. ధరలు గంటగంటకూ మారే ఈ రోజుల్లో దానికి ఆధారం లేదు. ఉన్నా, చావు వారం చూసుకుని రాదు.

చిట్కాల్లో కెల్లా ఘనంగా చెప్పుకునేది మధ్యలో దిగిపోవడం. హైదరాబాదు నుంచి ముంబై మీదుగా గోవాకు ఇచ్చే టికెట్టు, ఒక్క ముంబైకే ఇచ్చే టికెట్టు కంటే చవకగా ఉండే రోజులుంటాయి. అప్పుడు గోవాకు కొని ముంబైలో దిగి వెళ్లిపోవడమే కిటుకు. పెట్టె అప్పగిస్తే అది గోవాకు పోతుంది. అదే టికెట్ మీద తిరుగు ప్రయాణం ఉంటే కంపెనీ దాన్ని రద్దు చేస్తుంది. అమెరికాలో ఇటువంటి టికెట్లు వెదికిపెట్టే స్కిప్‌లాగ్డ్ అనే సంస్థ మీద అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2023లో దావా వేసింది. 2024లో టెక్సాస్ జ్యూరీ 94 లక్షల డాలర్లు కట్టమంది. అందులో ఒక భాగం కంపెనీ గుర్తును అనుమతి లేకుండా వాడినందుకు. కొన్న సీటులో కూర్చోకపోవడం మోసమని కంపెనీల వాదన. మసాలా దోసె కొని లోపలి కూర వదిలేస్తే హోటలువాడు దావా వేస్తాడా? ఈ విషయంలో నా సానుభూతి ప్రయాణికుడి వైపే. అయినా ఒకటి గమనించాలి. పదిమందికీ తెలిస్తే పనిచేయనిదాన్ని కిటుకు అంటారు. పదిమందికీ తెలిసినకొద్దీ బలపడేది హక్కు. మన చిట్కా రచయితలకు మొదటిదాని మీద ఉన్న మోజు రెండోదాని మీద లేదు.

ఉదాహరణకు, సీట్లకు మించి టికెట్లు అమ్మి, వేళకు వచ్చినవాణ్ణి ఎక్కించుకోకపోతే ఏం చేయాలో పౌర విమానయాన డైరెక్టరేట్ నియమం రాసిపెట్టింది. ముందు తమంతట తాము దిగడానికి ఒప్పుకునేవాళ్లను అడగాలి. గంటలోపు వేరే విమానం చూపకపోతే పరిహారం ఇవ్వాలి. 24 గంటల్లోపు పంపితే మూల ఛార్జీ, ఇంధన రుసుము కలిపిన మొత్తానికి రెండింతలు, రూ.10,000 మించకుండా. అది దాటితే నాలుగింతలు, రూ.20,000 మించకుండా. కిటికీ సీటు గురించి మూడు పేజీలు రాసినవాళ్లు దీనికి మూడు వాక్యాలు కేటాయించరు.

ఇక సరిహద్దు. కౌంటరు దగ్గర తిరుగు టికెట్ అడుగుతారు కాబట్టి ఒకటి కొని, చూపించి, తర్వాత రద్దు చేసుకోండి అని మరో సలహా. ఆ గుమస్తా ఎందుకు అడుగుతాడో ఎవరూ చెప్పరు. ఆ దేశం లోపలికి రానీయకపోతే మనిషిని వెనక్కి తెచ్చే భారం తీసుకొచ్చిన విమాన సంస్థదే. చాలా దేశాలు జరిమానా కూడా వేస్తాయి. అంచేత పరాయి దేశం కాపలా పని మన ఊరి విమానాశ్రయంలోనే, నెలజీతం గుమస్తా చేతుల మీదుగా జరిగిపోతుంది. సంచి భుజాన వేసుకుని ఎటు బుద్ధిపుడితే అటు పోవడమనే ఆదర్శం పాశ్చాత్య పాస్‌పోర్టు నుంచి పుట్టింది. యూరపు వీసాకు బ్యాంకు కాగితాలూ బస వివరాలూ ముందే సమర్పించుకునే మనవాడు ఆ భాషను అరువు తెచ్చుకుని రాస్తున్నాడు.

పదో తరగతి తప్పినవాడికి అంతకంటే పెద్ద అడ్డు ఉంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే అతనికి ప్రభుత్వ అనుమతి కావాలి. పాస్‌పోర్టే ఆ సంగతి చెబుతుంది. రక్షణ కోసమే ఈ ఏర్పాటు, కాదనను. కానీ లెక్కల పేపరులో మాబోటివాళ్లం పెట్టిన ఎర్ర సిరా శంషాబాదు కౌంటరు దాకా అతని వెంట వస్తుంది. ఏజెంటు చేతిలో పడకుండా స్వతంత్రంగా ప్రయాణించడానికి పనికొచ్చే పుస్తకం తెలుగులో నిజంగా కావలసింది అతనికి.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో బయలుదేరి పల్లకీలో కాశీకి వెళ్లివచ్చాడు. సంపన్నుడు, మద్రాసు సుప్రీంకోర్టు ఉద్యోగి, వెంట వందమంది దాకా పరివారం. అయినా 1838లో అచ్చయిన ఆయన పుస్తకంలో దారీ, మజిలీలూ, అంగళ్లూ, యాత్రికుల మీద వేసే సుంకాలూ ఉన్నాయి. మోసిన బోయీలూ ఉన్నారు. నేటి విమాన యాత్రా రచనలో బోయీలు లేరు. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయి జనం నేల మీద పడుకున్నప్పుడు, దానికి మూలం పైలట్ల విశ్రాంతి. వారానికి 36 గంటల విశ్రాంతిని 48కి పెంచి, రాత్రిపూట దింపే విమానాల సంఖ్యను తగ్గించిన నిబంధనలు 2024 జనవరిలోనే ప్రకటించినవి. కంపెనీ తగినంతమందిని సిద్ధం చేసుకోలేదు. చివరికి సడలించింది విశ్రాంతి నిబంధననే. ఆ రోజుల్లో నేను చదివిన చిట్కాలన్నీ డబ్బు వాపసు గురించే. నిద్రలేని మనిషి నడిపే విమానంలో మన ప్రాణం కూడా ఉందన్న మాట ఒక్కచోటా కనబడలేదు.

యాత్రా రచన శిల్పం గురించి అడిగే మిత్రులకు ఒక సంగతి చెబుతాను. మా బడిలో చదివిన కుర్రాడొకడు నిరుడు మస్కట్ వెళ్తూ శంషాబాదు నుంచి ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపాడు. అట్టపెట్టె బరువు 4 కిలోలు ఎక్కువైంది, అదనపు రుసుము తన దగ్గర లేదు, తాడు విప్పించారు. ఏవి తీసేశాడో వరసగా చెప్పాడు. సకినాలు సగం, మామిడికాయ తొక్కు సీసా, చెప్పుల జత, అమ్మ పెట్టిన దుప్పటి. దుప్పటి మాత్రం మళ్లీ లోపల పెట్టి, దానికి బదులు బియ్యం తీశానన్నాడు. బియ్యం ఎవరికిచ్చావురా అని అడిగాను. “అక్కడ నేల ఊడ్చే అక్కకిచ్చిన సార్. ఆమెది మన పక్క మండలమే.”