ప్రకటనలయందు స్త్రీ: ఉపమానోపమేయ విచారము

కావ్యములలో స్త్రీవర్ణనము క్రొత్త గాదు. నాయిక నాపాదమస్తకము వర్ణింపని ప్రబంధ మరుదు. వ్యాపారప్రకటనలయందును, పత్రికల ముఖచిత్రములయందును గానవచ్చు స్త్రీరూప మా వర్ణనమునకే కొనసాగింపని కొందఱు సమర్థింతురు. ఈ సమర్థనము పరీక్షకు నిలువదు.

గుణాధికమగు వస్తువు నుపమానముగాఁ గొనుట యాలంకారికుల సంప్రదాయము. కవి నాయికాముఖమునకుఁ జంద్రుని నుపమానముగాఁ దెచ్చును. చంద్రుఁ డంగడిలో దొరకువాఁడు గాఁడు. కావున నే పాఠకురాలును దన మోము చంద్రబింబము గాలేదని కుందదు. వ్యతిరేకాలంకారమున నుపమేయమే యుపమానమును మించును. ప్రకటనలో నిది తాఱుమాఱగును. అందు నటి యుపమానము. చూచు స్త్రీ యుపమేయము. ఇరువురి నడుమఁ జూపఁబడు కొఱఁతను దీర్చునది సరకు. అచ్చట వ్యతిరేకమునకుఁ జోటు లేదు. ఉపమేయము మించినచో సరకు చెల్లదు. వర్ణనము “ఇట్లున్నది” యనును. ప్రకటన “ఇట్లుండుము” అని విధించును.

ఈ మార్పునకుఁ దెలుఁగునాఁట దొలి నిదర్శనములలో నొకటి, సంస్కృతపాఠశాలతోఁ బేరొందిన అమృతలూరు, తెనాలి ప్రాంతమునకుఁ జెందిన నటి కాంచనమాల (1917–1981). గూడవల్లి రామబ్రహ్మము దర్శకత్వమున 1938లో వెలువడిన ‘మాలపిల్ల’ యస్పృశ్యతను నిరసించిన చిత్రము, కథ చలముది. నాయిక మాలవాడలోఁ బుట్టిన కన్య. నాయికయైన కాంచనమాల ఛాయాచిత్రములు క్యాలెండర్లకెక్కి యిండ్ల గోడలపై వ్రేలాడెను. ఆ గోడబొమ్మలో మాలవాడ లేదు, ఆలయప్రవేశవాదము లేదు. సోగకన్నులును, జాకెట్టు తీరును మిగిలెను. విశేష్యము పోయి విశేషణము నిలిచెను. 1942 నాఁటి ‘బాలనాగమ్మ’ పిమ్మట నామె చిత్రరంగమునకు దూరమై మనోవ్యాధిచే బాధపడెను. 1963లో ‘నర్తనశాల’యందొక చిన్నపాత్రమునఁ గనఁబడెను. పటములలోని కాంచనమాలకు మాత్రము వయసు రాలేదు.

పత్రికల తీరును ద్వంద్వమే. డాక్టరు కె.ఎన్. కేసరి 1928లో మద్రాసున స్థాపించిన ‘గృహలక్ష్మి’ స్త్రీల రచనలకు నెలవై, స్వర్ణకంకణముతో రచయిత్రులను సత్కరించెను. స్త్రీల వ్యాధులకు ‘లోధ్ర’ నమ్మినవారు నాయనయే. ఐన నొక భేదము గలదు: ఔషధము వ్యాధిని జూపి యమ్ముడగును, లేపనము వ్యాధి లేనిచోట దానిఁ గల్పించి యమ్ముడగును. 1941లో లీలా చిట్నీస్ లక్స్ సబ్బు ప్రకటనకెక్కెను. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చి, నలుపు తొలఁగింపవలసిన దోషమని నేర్పెను. ద్రౌపదికిఁ గృష్ణ యని పేరు. భారతమున నా నలుపు శోభయే. 2020లో నా లేపనము గ్లో అండ్ లవ్లీ యయ్యెను. విశేషణము మాఱెను, విధి మాఱలేదు.

స్త్రీల నసభ్యముగాఁ జూపుట 1986 నాఁటి చట్టము నిషేధించినది. అశ్లీలత శబ్దార్థములయందుఁ బట్టుపడు దోషము గాన చట్టమున కందును. న్యూనతాబోధ ధ్వనిరూపమున నుండును. నిండుగ వస్త్రము దాల్చిన బొమ్మయందును నది యుండవచ్చును. దానిఁ బట్టువాఁడు విమర్శకుఁడే. అద్దమున దన ముఖమును దానే తప్పుగాఁ జదువు బాలికకు, ఆ తప్పు ముఖమునఁ గాక యుపమలో నున్నదని చూపుట యతని పని. ప్రబంధము చదువనివారు పెక్కురు. ప్రకటన కంటఁబడని బాలిక యరుదు. దోషవిచార మచ్చటనే మొదలుకావలెను.