ఫిబ్రవరి పాయింట్లు

షార్లెట్‌లో ఉండే మేనల్లుడు రేసు అయిన మర్నాడు ఫోన్ చేస్తాడు. ఉద్యోగం బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో, మనసు మాత్రం రేసు ట్రాకు మీద. ఈ వారం ఫోన్ ఎత్తగానే, "మావయ్యా, ఈ ఏటి టైటిల్ తేలిపోయింది" అన్నాడు. 36 రేసుల సీజన్‌లో అప్పటికి అయినవి నాలుగే. వాడు చెప్పిన డ్రైవర్ పేరు ఇక్కడ రాయడం దండగ, వచ్చే వారానికి వాడే మార్చేస్తాడు. కాలమిస్టుకి మాత్రం ఒళ్లు మండింది.

ఈ శీర్షిక పాత పాఠకులకి ఆ మంట కొత్త కాదు. ఎగ్జిట్ పోల్స్ మీదా, సినిమా విడుదల కాకముందే వంద కోట్లు లెక్కపెట్టేవాళ్ల మీదా, ఐపీఎల్‌లో మూడు మ్యాచ్‌లకే కప్పు చేతికిచ్చేసేవాళ్ల మీదా ఇక్కడ చాలా సిరా ఒలికింది. అమెరికా స్టాక్ కార్ రేసుల అభిమానులు ఆ జాబితాలోకి ఇన్నాళ్లూ ఎక్కకపోవడమే విచిత్రం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వాళ్లు చేసేది అచ్చం పంచాంగ శ్రవణమే. ఎవరికి రాజపూజ్యం ఎంతో, ఎవరికి అవమానం ఎంతో ఏడాది మొదట్లోనే చదివేసి, డిసెంబర్‌కల్లా మరిచిపోతారు.

నిజానికి తప్పు పూర్తిగా వాళ్లది కాదు. ఆ స్టాక్ కార్ల నాస్కార్ కప్ సీజన్ మొదలయ్యే తీరే తలకిందులు. తక్కిన ఆటల్లో అసలు పండగ ఆఖర్న వస్తుంది. ఇక్కడ ఏడాది మొత్తంలో అతి పెద్ద రేసైన డేటోనా 500 ఫిబ్రవరిలోనే ముగిసిపోతుంది. 1982 నుంచి ప్రతి సీజన్‌కీ మొదటి రేసు అదే. చుట్టు రెండున్నర మైళ్లు. మలుపుల్లో ట్రాకు 31 డిగ్రీలు వాలి, గోడలా కనిపిస్తుంది. వేగం హద్దు మీరకుండా ఇంజిన్లకి కళ్లెం వేస్తారు. కళ్లెం పడ్డాక అందరి వేగమూ ఇంచుమించు ఒక్కటే కాబట్టి కార్లు ఒకదాని గాలి చాటున ఇంకొకటి దూరి గుంపుగా పరుగెడతాయి. ముందున్న వాడొకడు జారితే వెనక డజను కార్లు పోగుపడతాయి.

అలాంటి చోట ఎవరైనా గెలుస్తారు. 2011లో ట్రెవర్ బేన్ తన ఇరవయ్యో పుట్టినరోజు మర్నాడు గెలిచాడు, ఆ తర్వాత కప్ స్థాయిలో ఒక్క రేసూ గెలవలేదు. 2021లో మైకేల్ మెక్‌డవల్‌కి 358వ రేసులో మొదటి గెలుపు ఇక్కడే దక్కింది. 1990లో డేల్ ఎర్న్‌హార్ట్ గెలుపు ఖాయమనుకున్న చివరి ల్యాప్‌లో, మూడో మలుపు దగ్గర టైరు పోయింది, డెరిక్ కోప్ దాటుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడాది టైటిల్ మాత్రం ఎర్న్‌హార్ట్‌దే. ఇవన్నీ చూసి కాలమిస్టు కట్టుకున్న సూత్రం ఒకటుంది: డేటోనా లాటరీ, దాన్ని లెక్కలోంచి తీసేసి సీజన్ చదవాలి.

అభిమానులు తీసెయ్యరు. పైగా వాళ్ల పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. స్టాండ్స్‌లో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చేతిలో స్కానర్‌తో డ్రైవరూ క్రూ చీఫూ రేడియోలో మాట్లాడుకునేదంతా వింటూ కూర్చుంటారు. కారు ముందువైపు పట్టు తప్పుతోందని డ్రైవర్ గొణిగితే, వచ్చే పిట్ స్టాప్‌లో ఏం మారుస్తారో పక్కవాడితో పందెం కాస్తారు. కొత్త టైర్ల మీద మొదటి అయిదు ల్యాప్‌ల టైము చూసి మురిసిపోయేవాడు కొత్త అభిమాని. ముప్పయ్యో ల్యాప్‌లో టైరు అరిగాక టైము ఎంత పడిపోయిందో రాసుకునేవాడు పాత కాపు. ఈ రెండో రకం మనుషులంటే కాలమిస్టుకి గౌరవమే. అంత చూసినవాళ్లు కూడా నాలుగో రేసుకే పట్టాభిషేకం చెయ్యడమే మింగుడు పడదు.

ఉదాహరణకి ఎంతో దూరం పోనక్కర్లేదు. 2025లో క్రిస్టఫర్ బెల్ రెండు, మూడు, నాలుగు రేసులు వరసగా గెలిచాడు. అట్లాంటాలో గుంపు రేసు, ఆస్టిన్‌లో కుడి ఎడమ మలుపుల ట్రాకు, ఫీనిక్స్‌లో ఒక మైలు ట్రాకు, మూడూ మూడు రకాలు. ఇంకేం కావాలని అభిమానులు అడిగారు. నవంబర్‌లో టైటిల్ కైల్ లార్సన్‌కి వెళ్లింది.

మేనల్లుడితో వాదనలో కాలమిస్టు చివరికి తీసే ఆయుధం మాత్రం 1992 సీజన్. ఇంట్లోవాళ్లకి ఆ కథ కంఠతా వచ్చు.

ఆ ఏడాది మార్చిలో బిల్ ఇలియట్ వరసగా నాలుగు రేసులు గెలిచాడు: రాకింగ్‌హామ్, రిచ్‌మండ్, అట్లాంటా, డార్లింగ్టన్. జార్జియా మనిషి, 1988 చాంపియన్, అభిమానులకి ఎంత ఇష్టుడో చెప్పలేం. జూనియర్ జాన్సన్ జట్టులో చేరిన మొదటి సీజన్ అది. జాన్సన్ ఒకప్పుడు కొండదారుల్లో దొంగసారా కార్లు తోలి, ఆ చేతివాటంతోనే రేసుల్లో 50 గెలుపులు సాధించి, తర్వాత జట్టు యజమానిగా ఆరు టైటిళ్లు ఇంటికి తెచ్చుకున్న ఘటికుడు. అలాంటి యజమాని, అలాంటి డ్రైవర్, చేతిలో నాలుగు గెలుపులు. తేలిపోయిందన్నారు అందరూ.

అదే ట్రాకుల మీద అలన్ కుల్విక్కి అనే మనిషి కూడా తిరుగుతున్నాడు. ఉత్తరాన విస్కాన్సిన్ నుంచి వచ్చినవాడు, మెకానికల్ ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాడు. దక్షిణాది మెకానిక్‌ల లోకంలో ఆ రెండూ వింతే. 1985లో ఉన్నవి చాలావరకు అమ్ముకుని షార్లెట్‌కి బయల్దేరబోతుంటే, సరిగ్గా అంతకుముందే అతని ట్రక్కు కాలిపోయింది. ఎవరిదో అరువు తెచ్చుకుని వచ్చాడు. సొంత జట్టు పెట్టుకున్నాడు, అదీ గుప్పెడు మందితో. జూనియర్ జాన్సన్ పెద్ద మొత్తం ఇస్తాను, తన కారు తోలమని పిలిస్తే వద్దన్నాడు. తన కారు తానే కట్టుకుంటానన్నాడు. మొదటిసారి గెలిచినప్పుడు అందరిలా కాకుండా ట్రాకు చుట్టూ వెనక్కి, గడియారం ముల్లు తిరిగే దిక్కున ఒక చుట్టు తిరిగాడు. డ్రైవర్ కిటికీ జనం వైపు ఉంటుంది, చెయ్యి ఊపడానికి వీలు!

సెప్టెంబర్‌లో డోవర్ రేసులో ప్రమాదం జరిగి కుల్విక్కి 278 పాయింట్లు వెనకబడ్డాడు. మిగిలినవి ఆరే రేసులు. ఇక అయిపోయిందని అతనే అన్నాడు. తర్వాత ఇలియట్ కారు వరసగా మొరాయించింది. నవంబర్ 15న అట్లాంటాలో ఆఖరి రేసు వచ్చేసరికి టైటిల్‌కి అవకాశం ఉన్నవాళ్లు ఆరుగురు. అది రిచర్డ్ పెట్టీకి చివరి రేసు, జెఫ్ గోర్డన్ అనే కుర్రాడికి మొదటిది. 30 పాయింట్ల ఆధిక్యంతో వచ్చిన డేవీ ఆలిసన్‌ని ఎర్నీ ఇర్వాన్ కారు అదుపు తప్పి, అడ్డం వచ్చి పోటీలోంచి తప్పించింది. మిగిలింది ఇలియట్, కుల్విక్కి. మొదటి పిట్ స్టాప్‌లోనే కుల్విక్కి కారుకి ఫస్ట్ గేరు పోయింది. క్రూ చీఫ్ పాల్ ఆండ్రూస్ చేతిలో ఉన్నది ఒక లెక్క: ఎక్కువ ల్యాప్‌లు ముందున్నవాడికి అయిదు పాయింట్లు అదనం. ఆ లెక్క ప్రకారం కుల్విక్కిని బయటే ఉంచి, ముందుండాల్సిన ల్యాప్‌లు ముందుంచి, తర్వాతే పిట్‌కి పిలిచాడు. రేసు ఇలియట్ గెలిచాడు. కుల్విక్కి రెండోవాడు. ముందున్న ల్యాప్‌లు కుల్విక్కికి 103, ఇలియట్‌కి 102. టైటిల్ పది పాయింట్ల తేడాతో కుల్విక్కిది. ఆ ఒక్క ల్యాపు అటు పోయి ఉంటే పాయింట్లు సమానమయ్యేవి, గెలుపుల్లో ముందున్న ఇలియట్ చాంపియన్ అయ్యేవాడు.

1993 ఏప్రిల్ 1న కుల్విక్కి విమాన ప్రమాదంలో పోయాడు. అదే ఏడాది జూలైలో హెలికాప్టర్ కూలి డేవీ ఆలిసన్.

ఈ కథతో నాలుగో రేసు జోస్యాలు పటాపంచలవుతాయని కాలమిస్టు ధీమా. ఈసారి మేనల్లుడు నోరు మూసుకోలేదు. "మావయ్యా, నువ్వెప్పుడూ అట్లాంటా నుంచే లెక్కపెడతావు. డేటోనాలో ఏమైందో చూడు" అన్నాడు.

డేటోనాలో, ఫిబ్రవరి 16న, ఆలిసన్ గెలిచాడు. సగం రేసు కాకముందే ఇలియట్, అతని సొంత జట్టువాడైన స్టెర్లింగ్ మార్లిన్, ఎర్నీ ఇర్వాన్ ముగ్గురూ పక్కపక్కన ఇరుక్కుని పెద్ద ప్రమాదం చేశారు. ఇలియట్ ఎక్కడో అడుగున తేలాడు. కుల్విక్కి నాలుగోవాడిగా వచ్చి 160 పాయింట్లు జేబులో వేసుకున్నాడు. ఆనాటి పట్టికలో పన్నెండో స్థానం నుంచి కిందికి స్థానానికి మూడు పాయింట్ల తేడా. ఇలియట్ ఆ రోజు నాలుగంటే నాలుగు స్థానాలు పైన ముగించి ఉంటే 12 పాయింట్లు. టైటిల్ పోయింది పదితో.

లాటరీ అని తీసేసిన రేసే మొత్తం కథని తేల్చింది. అట్లాంటాలో ఆ ఒక్క ల్యాపుకి విలువ వచ్చింది డేటోనా వల్ల. ఇంకా చూస్తే మార్చి, ఏప్రిల్ నెలల్లో అన్నీ కళ్ల ముందే ఉన్నాయి. రిచ్‌మండ్‌లో ఇలియట్ గెలిచింది ఎవరి మీద? కుల్విక్కి మీదే, కారులో సగం పొడవు కూడా లేని తేడాతో. నాలుగు గెలుపుల వరసని ఏప్రిల్ 5న బ్రిస్టల్‌లో తెంచింది ఎవరు? కుల్విక్కే. గెలిచినవాడికీ రెండోవాడికీ మధ్య అప్పట్లో అయిదు పాయింట్లే తేడా, అందుకే నాలుగు గెలిచినా పట్టికలో పైన ఉన్నది ఆలిసన్. నవంబర్‌లో అట్లాంటాలో టైటిల్ కోసం అసలు పోటీ పడ్డ ముగ్గురూ మార్చికల్లా పేర్లు నమోదు చేయించుకున్నారు. అరిగిన టైరు టైములు రాసుకునే పాత కాపులకి ఆ మూడో పేరు కనపడకుండా ఉండదు.

అంటే మొదటి రేసుల మీద వాదులాట కాలక్షేపం కాదు, ఒక్క షరతు మీద. ఫిబ్రవరి పాయింటుకీ నవంబర్ పాయింటుకీ ఒకే విలువ ఉండాలి. 2004లో నాస్కార్ ఆ షరతు తీసేసింది. 2003లో మాట్ కెన్సెత్ ఒక్క రేసే గెలిచి చాంపియన్ అయినందుకు గోల లేచి, 26 రేసుల తర్వాత పైవాళ్ల పాయింట్లు దగ్గరకి లాగి మళ్లీ మొదలుపెట్టే పద్ధతి వచ్చింది. 2014 నుంచి మరీ దిగజారింది: ఒక్క గెలుపుతో అర్హత, వడపోతలు, చివరికి నలుగురు, ఒకే రేసు. 2025 ఆఖరి రేసులో డెన్నీ హామ్లిన్ 208 ల్యాప్‌లు ముందున్నాడు. ఆఖర్లో పసుపు జెండా లేచింది, అదనపు ల్యాప్‌లు వచ్చాయి, ఒక్క ల్యాపు కూడా ముందుండని లార్సన్ మూడోవాడిగా వచ్చి టైటిల్ పట్టుకుపోయాడు. లార్సన్ గొప్ప డ్రైవరే, సందేహం లేదు. కానీ ఒక ల్యాపు కోసం 1992లో పడ్డ ఆ తంటా గుర్తున్నవాళ్లకి ఇది రుచించదు.

2026 సీజన్‌కి నాస్కార్ సగం దారి వెనక్కి వచ్చింది. గెలుపుతో నేరుగా అర్హత లేదు, వడపోతలు లేవు, 26 రేసుల పాయింట్లతో పైనున్న 16 మంది చివరి పది రేసుల్లో తేల్చుకుంటారు. 36 రేసులకీ ఒకే పట్టిక కావాలని అడిగే పాత అభిమానులకి ఇది చాలదు, కాలమిస్టుకీ చాలదు. అయినా మార్చి వాదనలకి కొంత ప్రాణం వచ్చింది. మేనల్లుడి జోస్యం తప్పే కావచ్చు గానీ వాడు చూస్తున్న చోటు తప్పు కాదు.

1992 రేసులు చూడాలనుకునే పాఠకులకి ఒక మనవి. అందరూ పంపే అట్లాంటా వీడియోతో మొదలుపెట్టకండి. ముందు ఫిబ్రవరి 16 డేటోనా, తర్వాత మార్చి 8 రిచ్‌మండ్, ఏప్రిల్ 5 బ్రిస్టల్ చూసి, పాయింట్లు కాగితం మీద వేసుకుని, అప్పుడు అట్లాంటాకి వెళ్లండి.