ఎక్స్ లైఫ్ కథయు, ప్రేక్షకుల తీర్పులును

ఒక కథను చూచినవారందఱును మెచ్చుకొన్నంత మాత్రమున అది గొప్పది కాదు. పలువురు నిందించినంత మాత్రమున అల్పమైనదియు కాదు. మెచ్చినవారు ఏమి చూచి మెచ్చిరి, నిందించినవారు ఏమి కోరి నిందించిరి యని విచారించినప్పుడే కథ విలువయు, చూచినవారి రుచియు తేటపడును. మన యిండ్లలో నాటకముల గుఱించియు చిత్రముల గుఱించియు మాటలు విస్తారముగా సాగుచున్నవి గాని, ఇట్టి విచారణ తఱచుగా జరుగుటలేదు. అందులకు తగిన యుదాహరణ మొకదానిని ఇచట చర్చింపదలచితిమి.

2021వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన నెట్‌ఫ్లిక్స్‌లో "పిట్ట కథలు" అను పేర నాలుగు తెలుగు కథల మాలిక వెలువడినది. తరుణ్ భాస్కర్, నందినీ రెడ్డి, నాగ్ అశ్విన్, సంకల్ప్ రెడ్డి గారలు తలకొక కథను తీసిరి. వానిలో నాగ్ అశ్విన్ గారు తీసిన "ఎక్స్ లైఫ్" వైజ్ఞానిక కల్పన. రాబోవు కాలమున మనుష్యులు తమ కంటి ముందటి లోకమును విడిచి, యంత్రము కల్పించిన ఎక్స్ లైఫ్ అను మాయాలోకమున మునిగి బ్రతుకుచుందురు. ఆ లోకమునకు అధిపతి విక్ అను యువకుడు. ఈ పాత్రను గాయకుడగు సంజిత్ హెగ్డే ధరించిరి. ప్రేమకు చోటులేని ఆ యేర్పాటులోనికి దివ్య యను యువతి ప్రవేశించును. ఆమెగా శ్రుతి హాసన్ గారు నటించిరి. ప్రేమకును యంత్రమునకును జరుగు పెనగులాటయే తక్కిన కథ. ఇందు రాజులు లేరు, ఎన్నికలు లేవు. అయినను ఇది రాజకీయకథయే. ఒక్కని చేతిలో కోట్లమంది చూపు చిక్కుకొన్నప్పుడు దానిని రాజ్యాధికారమని కాక మఱేమందుము?

ఈ కథను మా పశ్చిమ ప్రకాశపు ప్రాంతమున, మార్కాపురము, గిద్దలూరు, కంభము మున్నగు ఊళ్లలో, చదువుకొన్న కుటుంబములవారు పలువురు చూచిరి. వారి నోట మేము విన్న యభిప్రాయములు మూడు తెగలుగా ఉన్నవి. పగలెల్ల పనిచేసి వినోదము కొఱకు కూర్చున్న తమకు ఈ లోకనీతి యుపన్యాస మెందుకని మొదటి తెగవారు విసుగుకొనిరి. 2011 నుండి వెలువడుచున్న "బ్లాక్ మిరర్" అను బ్రిటిషు దృశ్యమాలికకు ఇది నీడ యని రెండవ తెగవారు తేల్చివేసిరి. తెలుగున ఇట్టి సాహసము చేయువారే అరుదు గనుక లోపముల నెన్నరాదని మూడవ తెగవారు వాదించిరి. వీరిలో హెచ్చుమంది ఇంజనీరింగు చదివిన యువకులు.

మొదటివారి యాక్షేపణ పైకి కనబడినంత సరళమైనది కాదు. ఇదే మాలికలోని "రాముల" కథలో ఒక మహిళానాయకురాలి రాజకీయాభిలాష ప్రధానమైన అంశము. దానిని చూచి రాజకీయ మెందుకని అడిగినవారు మాకు కానరాలేదు. తెలిసిన పల్లెలో, తెలిసిన మనుష్యుల నడుమ వచ్చిన రాజకీయము వారికి కథగా తోచినది. ఎఱుగని నగరమున, ఎఱుగని యంత్రముల నడుమ వచ్చిన రాజకీయము ఉపన్యాసముగా తోచినది. కాబట్టి వారికి రుచింపనిది రాజకీయము కాదు, పాత్రల బ్రతుకులో ఇంకని రాజకీయము. వారు తమ కష్టమునకు తప్పు పేరు పెట్టిరే గాని ఆ కష్టము నిజమైనదే.

రెండవవారి తీర్పు తొందరపాటు. సుఖమును చూపి స్వాతంత్ర్యమును హరించు రాజ్యమును ఆల్డస్ హక్స్‌లీ 1932లోనే నవలగా వ్రాసెను. ఆ లెక్కన బ్లాక్ మిరర్ వారును ఋణస్థులే. ఒకరి యూహ నుండి మఱియొకరి యూహ పుట్టుట సాహిత్యమున దోషము కాదు. బయటినుండి తెచ్చిన విత్తనము ఇక్కడి నేలలో నాటుకొన్నదా లేదా యనునదే విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న. దానిని వారు అడుగలేదు.

మూడవవారి యుదారత్వము కథకు మేలు చేయదు. తెలుగున ఇట్టి ప్రయత్న మిదియే మొదటిది కాదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు "ఆదిత్య 369"లో కాలయంత్రమును కల్పించి, పాత్రలను కృష్ణదేవరాయల కొలువునకును, అణుయుద్ధము ముగిసిన 2504వ సంవత్సరమునకును పంపిరి. ముప్పది యేండ్లు గడచిన తరువాతను "క్రొత్తది గనుక క్షమింపుడు" అనుట ఆ కళను ఎదుగనీయకుండుటయే.

మాకు అన్నిటికంటె సరియైనదిగా తోచిన విమర్శ ఈ మూడు తెగలలోనిది కాదు. గిద్దలూరున ఒక యింట ఈ కథ నడచుచున్నప్పుడు మేమును అచట ఉంటిమి. ఆ యింటి పెద్దామె కొంతసేపు చూచి, ప్రక్కనున్న మనుమరాలిని "అందరూ కండ్లు మూసుకొని కలగంటా ఉంటే వీళ్లకి నీళ్లెవురు తెచ్చిపోస్తారే అమ్మీ?" అని అడిగినది. అందఱును నవ్విరి. కాని అనేక వేసవులలో ట్యాంకరు కొఱకు బిందెలతో వరుసలో నిలిచిన మనిషి అడిగిన ప్రశ్న యది. ఆ కథలోని ప్రధానమైన కొఱతను అదియే పట్టి చూపినది.

ఏ రాజ్యమైనను, అది యంత్రములదైనను మనుష్యులదైనను, ఎవరిదో చాకిరిపై నిలుచును. మాయాలోకమున మునిగినవారికి అన్నము, నీరు, శుభ్రమైన పడక ఎక్కడనుండి వచ్చుచున్నవి? వారు ఆ లోకమునకు పోకముందు ఏ కొఱతతో బాధపడిరి? ఆ కొఱతను ఎవరు సొమ్ము చేసికొనిరి? ఈ విషయములు కథకు పునాది కావలసినవి. వానికి చాలిన చోటు లేకపోవుటచే విక్ దుర్మార్గము ఒక వ్యక్తి యొక్క మనోవికారముగా మిగిలినది. దానికి విరుగుడుగా వచ్చిన ప్రేమ పాత చిత్రముల ప్రేమగానే తోచినది. అరగంట కథలో ఇంత ఇముడునా యని కొందఱు అడుగవచ్చును. ఇముడునని చెప్పుటకు మాకొక నిదర్శనము కలదు.

1905లో చెన్నపట్టణమునుండి కమలా సత్యనాథన్ గారి సంపాదకత్వమున వెలువడుచుండిన "ఇండియన్ లేడీస్ మ్యాగజైన్"లో రొకేయా సఖావత్ హుసేన్ గారు "సుల్తానాస్ డ్రీమ్" అను చిన్న కథను వ్రాసిరి. ఆమె వంగదేశపు ముస్లిము స్త్రీ. ఆ కథలోని దేశమున పురుషులు ఇంట కూర్చుందురు. స్త్రీలు రాజ్యము నడుపుదురు. వారి విశ్వవిద్యాలయమువారు మేఘములనుండి నీటిని గ్రహించుటకు బెలూనొకటి నిర్మింతురు. సూర్యుని వేడిని పట్టి దానితో వంట చేయుదురు, శత్రుసేనను తఱుముదురు. కొన్ని పుటల కథయే యైనను నీరెవరు తెచ్చిరి, వంట యెట్లు జరిగినది, పర్దా యెవరికి అను మూడు ప్రశ్నలకును అందు సమాధానము కలదు. ఇంటి పత్రికలో ఇంటి స్త్రీల కొఱకు వ్రాసిన కథ గనుక, ఇంటి పనిని మఱచిన భవిష్యత్తును ఆమె ఊహింపలేదు.

ఇక తెర విషయము. మా మార్కాపురమునకు పలకల వలన పేరు వచ్చినది. ఒకప్పుడు ఓనమాలు దిద్దిన తెలుగు పిల్లలలో ఎందఱి యొడిలోనో మా గనులనుండి తీసిన రాతిపలక ఉండెడిది. కాగితపు పుస్తకములు వచ్చి దానిని వెనుకకు నెట్టినవి. ఇప్పుడు పిల్లల చేతికి సెల్‌ఫోను వచ్చినది. పలకపై వ్రాయువాడును తుడుచువాడును పిల్లవాడే. సెల్‌ఫోనులో చాలవఱకు వ్రాయువారు ఎక్కడనో ఉందురు, పిల్లవాడు చూచువాడు. ఎక్స్ లైఫ్ కథ చెప్పదలచిన భయము ఇదియే, ఇది నిజమైన భయమే. ఆ మేరకు దానిని తీసినవారి చూపు మెచ్చదగినది.

కాని తెరకు మఱియొక ముఖము కలదు. కఱవు వలన మా పల్లెలనుండి హైదరాబాదునకును, బెంగళూరునకును పనికి పోయినవారు వేలకొలది. వారి తల్లులు సాయంకాలము తెరపై కొడుకు ముఖము చూచి, అన్నము తింటివా యని అడిగి, అటుపిమ్మట తాము తినుచున్నారు. ఆ తల్లికి యంత్రము ప్రేమకు శత్రువు కాదు. ఆమె ప్రేమకు మిగిలిన దారి యది యొక్కటే. అయితే కొడుకును ఊరు దాటించినదేది? నీరు లేకపోవుట, పని లేకపోవుట. కాబట్టి ప్రేమ ఒకవైపు, యంత్రము ఒకవైపు అని గీత గీసిన కథ ఆమెకు పరాయిదిగా తోచినచో అది ఆమె యజ్ఞానము కాదు.

1957నాటి "మాయాబజార్" చిత్రములో కె. వి. రెడ్డి గారు ప్రియదర్శిని యను పేటికను చూపిరి. అది తెఱచినవారికి తమకు ప్రియమైన దానిని చూపును. శశిరేఖకు అందు అభిమన్యుడు కనబడినాడు, బలరామునికి దుర్యోధనుడు కనబడినాడు. ఆ పేటిక మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. చూచువాని మనస్సులోని కోరికను బయటపెట్టును, అంతే. ఎక్స్ లైఫ్ నడుపు ధనికుడును జనుల కోరికలను తెలిసికొనియే వారిని పట్టియుండవలెను. ఆ కోరికలు ఎట్టివో, అవి ఏ లేమినుండి పుట్టినవో చూపియుండినచో, మొదటి తెగవారు దానిని ఉపన్యాసమని అనియుండరు.

ఈ మాటలు మేము దర్శకుని తక్కువ చేయుటకు చెప్పుటలేదు. 2024 జూన్ 27వ తేదీన విడుదలయైన తన "కల్కి 2898 ఏడీ" చిత్రమున నాగ్ అశ్విన్ గారే ఆ పెద్దామె ప్రశ్నకు కొంత సమాధానము చెప్పిరి. అందు కాశీనగరము ఎండి బీటలు వాఱి యుండును. నీరును పచ్చదనమును ఆకాశమున నిలిచిన కాంప్లెక్స్ అను కోటలో ఉండును. క్రిందివారు దానిలో ప్రవేశింపవలెనన్న లక్షలకొలది యూనిట్లు చెల్లింపవలెను. ఆ కోటలోని ప్రయోగశాలలో స్త్రీలను బంధించి, వారి గర్భములనుండి తన బలము కొఱకు ఔషధము తీయించుకొను ప్రభువు యాస్కిన్. అక్కడి స్త్రీకి పేరు కూడ ఉండదు, సంఖ్య ఉండును. ఇంతకంటె స్పష్టమైన రాజకీయ మేమి కావలెను?

అయినను ప్రేక్షకుల వాదములు మరల మఱియొక దారి పట్టినవి. అశ్వత్థాముని చూచి మురిసినవారు కొందఱు, పూర్వార్ధము నెమ్మదిగా నడచినదని నిందించినవారు కొందఱు. ఏ కథానాయకునికి ఎంతసేపు దక్కినదో గడియారముతో లెక్కించినవారును కలరు. నీటి మాట గాని, సంఖ్యగా మాఱిన ఆ స్త్రీల మాట గాని మేము విన్న చర్చలలో మిక్కిలి అరుదు. నల్లమల క్రింద త్రవ్విన వెలిగొండ సొరంగముల చరిత్రను ఎఱిగిన మా ప్రాంతమువారు సైతము నీటి మాట ఎత్తకపోవుట మాకు విచారము కలిగించినది. ఆ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. సుమారు 18.8 కిలోమీటర్ల పొడవుగల మొదటి సొరంగపు త్రవ్వకము 2021లో, రెండవదాని త్రవ్వకము 2024లో ముగిసినవి. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరువది యెనిమిదవ యేడు. నీరు పైన నిలిచి, మనుష్యులు క్రింద ఎదురుచూచు కథను అర్థము చేసికొనుటకు మాకంటె తగినవారెవరు?

రాజకీయకథను చూచి విభేదించుట మంచిదే. ఇంటిల్లిపాదియు ఒకే మాట అనవలెనని మేము కోరుట లేదు. మా మనవి యేమనగా, ఇట్టి కథను చూచిన రాత్రి భోజనము వద్ద బాగున్నది, బాగులేదు అనుటతో ఆపక, ఈ లోకమున ఎవరు పనిచేయుచున్నారు, ఫలము ఎవరికి ముట్టుచున్నది, మాట యెవరికి లేదు అని ఒక్కమారు అడిగి చూడుడు. పిల్లలను అడుగనిండు, పెద్దలను నవ్వులపాలు చేయకుడు.

రచయితలకును ఒక మనవి. గుండ్లకమ్మకు అడ్డముగా కంభము చెఱువు కట్టినవారు తమకు తరువాతి తరములను మనస్సున పెట్టుకొనియే కట్టిరి. భవిష్యత్తును ఊహించుట ఈ నేలకు క్రొత్త కాదు. మార్కాపురపు గనులలోను, గిద్దలూరు పొలములలోను బ్రతికినవారు నూఱేండ్ల తరువాతి తమ యూరిని వ్రాసినచో, ఆ కథ ఉపన్యాసము గాను ఉండదు, ఎరవు గాను ఉండదు. దానిని చూచినప్పుడు ఆ గిద్దలూరి పెద్దామె ఏమి అడుగునో వినవలెనని మాకు కోరిక.